ముప్ఫై రెండవ గీత

పుంగనూరు శివారున ఉన్న ఆ బ్యాటరీల షెడ్డులో మంగళవారం ఉదయం హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు. మొదట కెంపమ్మ. ఏనుగుల కంచె దగ్గర చనిపోయిన మారప్ప భార్య. రామకుప్పం వైపు నుంచి తొలి బస్సుకు బయలుదేరి వచ్చి, తలుపు తీయకముందే మెట్టు మీద కూర్చుంది. తరువాత మునిరత్నమ్మ. పక్క వీధిలో పాల కేంద్రం నడిపే మనిషి. కొంగు కింద గుడ్డలో చుట్టిన పొడవాటి వస్తువును పట్టుకుని వచ్చింది. మూడవవాడు షెడ్డు మేనేజరు హరీష్. నాలుగవవాణ్ణి నేను, రామచంద్ర. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో గాజు, రసాయనాల విభాగానికి అధికారిగా పనిచేసి పదవీ విరమణ పొంది, ప్రస్తుతం మదనపల్లెలో ప్రైవేటు పరిశోధకుడిగా ఉన్నాను. చివరగా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శివకుమార్ జీపు వచ్చి ఎండలో ఆగింది. అందులోనుంచి ఆయన దిగాడు. ఆయన వెనుక డాక్టర్ వసుధ దిగింది. డ్రైవరు మునికుమార్ మాత్రం దిగలేదు. ఆ సంగతిని గమనించాను, కారణం అడగలేదు.

వసుధ శనివారం నుంచి నా కక్షిదారు. ముందురోజు ఉదయం ఆమె ప్రయోగశాలను చూసి, ఆమె చెప్పినదంతా విన్నాను. ఆ సాయంత్రమే ఆమెను మదనపల్లెలో అదుపులోకి తీసుకున్నారు.

వ్యవహారం క్లుప్తంగా ఇది. లిథియం అవసరం లేకుండా, సోడియంతో పనిచేసే బ్యాటరీలకు వసుధ ఒక ద్రవాన్ని తయారుచేసింది. బ్యాటరీ లోపల విద్యుత్తును అటూ ఇటూ మోసే ఆ ద్రవాన్ని ఎలక్ట్రోలైట్ అంటారు. మదనపల్లెలో తయారైన ద్రవం క్యాన్లలో పుంగనూరుకు వస్తుంది; ఈ షెడ్డులో దానిని సెల్స్‌లోకి నింపుతారు. అలా సిద్ధమైన మొదటి ప్యాకును కుప్పం వైపు పంపి, రామకుప్పం దాపున ఏనుగుల కంచెకు అమర్చారు. గడచిన గురువారం పొద్దుగూకే వేళ కంచెకు విద్యుత్తు నిలిచిపోయింది. ఏనుగులు రాగి చేలోకి దిగాయి. తెల్లవారి మారప్ప శవం కనిపించింది.

"ద్రవం ఈవిడది. ద్రవం చెడిపోయింది. మనిషి పోయినాడు," అన్నాడు శివకుమార్, కుర్చీ లాక్కుంటూ. "ఇందులో మీరు పరిశోధించేదానికి ఏముంది పెద్దాయనా? మధ్యాహ్నం లోపల ఈవిడను కోర్టులో హాజరు పెట్టాల."

"నన్ను రామచంద్ర గారూ అనండి, లేదా ఏమీ అనకండి. మధ్యాహ్నానికి ఇంకా వ్యవధి ఉంది. నేను ముందు ఈ తల్లితో మాట్లాడాలి."

"ఆమె వాఙ్మూలం నేను తీసుకున్యా."

"మీరు తీసుకున్నది చదివాను. మూడు వాక్యాలున్నాయి. ఆమె మూడు వాక్యాల మనిషిలా లేదు."

శివకుమార్ చెయ్యి ఊపాడు, కానిమ్మన్నట్టు. కెంపమ్మ మెట్టు మీదినుంచి లేవలేదు. నేనే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"కంచె ఆగిపోయినప్పుడు నువ్వెక్కడ ఉన్నావమ్మా?"

"మంచె పైన సామీ. నేనూ, మనవరాలూ. బ్యాటరీ పెట్టె మంచె కిందనే పెట్టిండ్రి, వానకు తడవకుండా. పొద్దు గుంకతాండాది. కింద బుస్సుమని సద్దు. పామనుకొన్యా. ఆయన వంగి సూసి, పెట్టె ఉబ్బిండాది, నీళ్లు కారతాండాయి, దిగొద్దండి అనె. పైకి ఒకటే కంపు, దగ్గు. పాపకు ఊపిరాడల్యా."

"తరువాత?"

"క్లిప్పులు ఊడదీసి కంబానికి తగిలించినాడు. పెట్టెను తువ్వాలలో సుట్టి ఎత్తుకోని వంక కాడికి పాయ, నీళ్లలో పారేసేదానికి."

"ఆగు," అన్నాడు శివకుమార్. "సూసినారా సార్? కరెంటు తీసింది వాళ్ల మనిషే. యాల తీసినాడు? బ్యాటరీ చెడింది గనక. నేను చెప్పేదీ అదే కదా."

"మీరు చెప్పినది బ్యాటరీ చెడి కంచె ఆగిందని. ఈమె చెప్పేది, కంచె పనిచేస్తుండగానే ఒక మనిషి దానిని ఆపాడని. క్లిప్పులు కాలి ఊడలేదు. చేత్తో తీసి స్తంభానికి తగిలించి ఉన్నాయి. ఆ స్తంభాన్ని నేను ఆదివారం చూశాను. ఏనుగులు వచ్చే వేళ అని తెలిసీ తన చేను కంచెను తానే ఎందుకు ఆపుతాడు?"

నేను కెంపమ్మ వైపు తిరిగాను.

"మళ్లీ వచ్చాడా?"

"గెనిమ దాకా వచ్చినాడు. గట్టు మీదనే కూలబడె. సేతులు మండతాండాయి కెంపీ, రొమ్ము పట్టేసినట్టుండాది అనె. నేను దిగతాండా అంటే గదిరినాడు. ఏనుగులు వంక దాటినాయి, సద్దు సేయొద్దు, పాపను గట్టిగా పట్టుకో అనె." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మళ్ల మాట ల్యా."

"అతని చేతులు చూశావా?"

"స్నానం పోసేటప్పుడు సూస్తి. అరసేతులు ఉడకబెట్టిన సెనక్కాయల మాదిర ఉండాయి. తెల్లగా, ముడతలు పడి. ఈ సారుకు సెప్తి. ఏనుగు తొక్కితే సేతులు ఎట్లుంటే ఏమమ్మా అనె."

శివకుమార్ ముఖం ఎర్రబడింది. "డాక్టరు ఏనుగు తొక్కిందని రాసిచ్చినాడు. నేను డాక్టరు కంటే ఎక్కువ చదివినానా?"

వసుధ అప్పటివరకు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రాత్రంతా స్టేషనులో కూర్చోబెట్టిన మనిషి.

"నీళ్లు కలిశాయి సార్," అన్నది నాతో. "తెల్లబడిన చేతులంటే అదే. నా ద్రవంలో ఒక సోడియం లవణం ఉంటుంది. తేమ లేనంతవరకు అది సాధువు. నీళ్లు కలిసి, వేడి తగిలిందంటే విరిగి యాసిడ్ అవుతుంది. మామూలు యాసిడ్ కాదు. గాజును కూడా తినేస్తుంది. సెల్ లోపల గ్యాస్ పుట్టి ఉబ్బి పగులుతుంది. కానీ నేను పంపినదాంట్లో నీళ్లు లేవు."

"మీరు అట్లే అంటారు మేడమ్," అన్నాడు హరీష్ మెల్లగా. నలభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, వినయమైన గొంతు. "కానీ ఈడ మా తప్పేమీ లేదు సార్. క్యాను వచ్చినప్పుడు ఒకతూరి, సెల్స్ నింపేటప్పుడు ఒకతూరి హైడ్రోమీటరు వేసి చూస్తాము. రెండుసార్లూ ముప్ఫై రెండే. ఎంతుండల్లో అంతే. కెమెరాలో సూసుకోండి."

ఆ మాట నిజం. దృశ్యాలను నేను ముందే చూశాను. ఆ గాజు గొట్టం ద్రవంలో తేలుతుంది. ఏ గీత దగ్గర తేలిందో దానినిబట్టి ద్రవం సాంద్రత తెలుస్తుంది. వసుధ నిర్ణయించిన గీత ముప్ఫై రెండు. రెండుసార్లూ అది అక్కడే తేలింది.

"అదే క్యాను నుంచి తీసి దాచిన నమూనా మదనపల్లెలో గాజు సీసాలో ఉంది," అన్నాను. "నిన్న చూశాను. సీసా అద్దంలా మెరుస్తోంది. ద్రవంలో నీళ్లు లేవనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు."

"ఆ సీసాను ఈవిడే మార్చిపెట్టిండచ్చు కదా," అన్నాడు శివకుమార్.

"ఉండవచ్చు. అందుకే ఆ సీసా మీద నేను ఆధారపడడం లేదు. దయచేసి నాతో పెరటి వైపు రండి. హరీష్ గారూ, మీరు కూడా."

సెల్స్ నింపే గదిలో తేమను లాగే యంత్రం, కెమెరా, తాళం ఉన్నాయి. ఏదైనా జరిగితే అక్కడ జరగదు. షెడ్డు వెనుక రేకుల కప్పు కింద చిన్న స్నానాల గది ఉంది. కెమెరా లేని చోటు ఆవరణ మొత్తంలో అదొక్కటే. అప్పటికే ఆ రేకుల కింద ఉక్క పోస్తోంది. గోడకు తెల్లని పింగాణీ బేసిన్. దాని పక్కన మరుగుదొడ్డి పళ్లెం.

"బేసిన్ మీద చెయ్యి పెట్టి చూడండి," అన్నాను శివకుమార్‌తో.

అంచు నుంచి కన్నం దాకా అరచేయి వెడల్పున ఒక చార. మరక కాదు. అక్కడ పింగాణీ మెరుపు పోయి, సున్నం కొట్టిన గోడలా గరుకుగా ఉంది. ఎవరో ఒక ద్రవాన్ని ఒకే చోట నిలబడి ఒంపినట్టు.

"బాత్రూం యాసిడ్‌తో కడిగినాము సార్," అన్నాడు హరీష్, ఎవరూ అడగకముందే.

"ఏ యాసిడ్?"

"అంగట్లో దొరికేదే."

"మరుగుదొడ్డి పళ్లేన్ని కూడా దానితోనే కడుగుతారా?"

"దాంతోనే సార్. వారం వారం."

"అది తళతళలాడుతోంది."

హరీష్ పళ్లెం వైపు చూశాడు. శివకుమార్ కూడా చూశాడు. మొదటిసారి అతని కళ్లు హరీష్ మీద కాస్త ఎక్కువసేపు నిలిచాయి. అయినా పట్టు విడవలేదు.

"బేసిన్ పాడైతే మనిషిని చంపినట్టా రామచంద్ర గారూ? రేపు కోర్టులో వకీలు నవ్వుతాడు."

"నవ్వనివ్వండి. ఆయనకు చూపించడానికి ఇంకొకటి ఉంది."

ముందు గదికి తిరిగి వచ్చాము. మునిరత్నమ్మ కెంపమ్మ పక్కనే మెట్టు మీద కూర్చుని, ఆమెకు ఎక్కడినుంచో తెప్పించిన టీ గ్లాసు పట్టుకుని ఉంది.

"మునిరత్నమ్మా, హరీష్ నీకు తెలుసా?"

"తెలీకేం సామీ. ఈ బ్యాటరీలకు రాకముందు పాలు సల్లబెట్టే కేంద్రంలో ఉండె. నా కాడికే వ్యానులో వచ్చి పాలు ఎత్తుకోని పోతాండె. తెలివిగలోడు. క్యాను మూత తీసి మూతి కాడ ముక్కు పెడితే సాలు, ఎవురింటి పాలో సెప్పేస్తాండె."

"అక్కా, ఇప్పుడు అవన్నీ ఎందుకు," అన్నాడు హరీష్.

"అడిగినారు కదప్పా, సెప్తాండా. అడక్కపోతే సెప్తానా?"

"నీ చేతిలోది చూపించు."

ఆమె గుడ్డ విప్పింది. పాల చిక్కదనాన్ని కొలిచే లాక్టోమీటరు; షెడ్డు హైడ్రోమీటరు వంటిదే, గీతల లెక్కా అదే. సన్నని గాజు కాడ, కింద బుడ్డి, కాడ లోపల గీతల కాగితం. బాగున్న లాక్టోమీటరు పారదర్శకంగా ఉంటుంది. ఇది బుడ్డి నుంచి కాడ సగం దాకా మంచు పట్టినట్టు మసకబారి ఉంది. ఆ పైన గాజు యథాతథంగా మెరుస్తోంది.

"ఇది ఎవరు అడిగి తీసుకున్నారు?"

"ఈయప్పే. పోయిన నెల. ఇంట్లో ఆవు ఈనింది, పాలు సూసుకోవాల అనె. ఇస్తి. శనివారం తీసుకపోయి మంగళవారం తెచ్చిచ్చినాడు. సూస్తే దీనికి కండ్లు పోయిండాయి. ఇదేం నాయినా అంటే, వేడి నీళ్లలో కడిగితి అనె. మర్సటి దినమే కొత్తది కొనుక్కోనొచ్చి, పాతది ఇయ్యక్కా పారేస్తా అనె. ఒగతూరి కాదు. నాలుగు తూర్లు అడిగె."

"ఎందుకు ఇవ్వలేదు?"

"ఎట్లిస్తా సామీ?" ఆమె నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూసింది. "మీటరు మారిందంటే పాలు పోసేటోళ్లు నమ్ముతారా? రత్నమ్మ మీటరు మార్సి మా పాలు పల్సన అంటాండాది అని మూడూర్లు తిట్టిపోస్తారు. మా కాడ అలవాటేమంటే, కొత్తది వచ్చినా పాతది ఏడాది దాకా పక్కనే యాలాడల్ల. గుడ్డిదైనా యాలాడల్ల. పాలు పోసేటోళ్లంతా దొంగలు, పాలు కొనేదాన్ని నేనూ దొంగనే. మీటరు ఒగటే సాచ్చి."

నిన్న సాయంత్రం ఆమె కేంద్రం ముందునుంచి నడిచి వెళుతూ, మేకుకు పక్కపక్కన వేలాడుతున్న రెండు లాక్టోమీటర్లను చూసి ఆగినవాణ్ణి. పాలు గాజును మసకబార్చవు. వేడినీళ్లూ బార్చవు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో గాజును ఆ విధంగా కొరికే ద్రవం ఒకే ఒక్కటి నాకు తెలుసు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మసక ఎక్కడ ఆగిందో, అక్కడ లోపలి కాగితం మీద ఏ గీత ఉందో మీరే చదవండి."

శివకుమార్ దానిని వెలుతురుకు ఎత్తిపట్టాడు. కళ్లు చిట్లించాడు.

"ముప్ఫై రెండు."

"ఈ గొట్టం ఒక ద్రవంలో రెండు, మూడు రోజులు తేలుతూ నిలబడింది. ద్రవం తగిలినంత మేరా గాజు కొరుక్కుపోయింది. అంటే ఆ ద్రవం గాజును తినేది, దాని చిక్కదనం సరిగ్గా ముప్ఫై రెండు. అటువంటి ద్రవం పుంగనూరులో ఈ షెడ్డులో తప్ప ఎక్కడ ఉంది? వసుధ గారూ, మీ ద్రవంలో నీళ్లు పోస్తే గీత ఎంత చూపుతుంది?"

"తగ్గుతుంది."

"తిరిగి ముప్ఫై రెండుకు తేవాలంటే?"

ఆమె హరీష్ వైపు తిరిగింది. "ఉప్పు. కాస్త ఉప్పు వేస్తే చాలు."

"అయ్యో," అంది మునిరత్నమ్మ, నెమ్మదిగా. "పాలకు సేసినట్టు సేసినావేమిరా."

పాల వ్యాపారంలో అది పాత విద్య. కొన్ని పాలు తీసి నీళ్లు పోస్తారు. మీటరు పడిపోతే ఉప్పో, చక్కెరో వేసి లేపుతారు. మీటరు చూసేవాడు సంతృప్తి చెందుతాడు. హరీష్ అదే చేశాడు, అదే చేతితో. షెడ్డు హైడ్రోమీటరు కెమెరా ముందు ఉంది కనుక దానిని ముట్టుకోలేకపోయాడు. అరువు తెచ్చిన లాక్టోమీటరుతో స్నానాల గదిలో కొలత సరిపెట్టి, మిగిలినదానిని, అందులో తేలే మీటరుతో సహా, జాడీలోనే వదిలి, తాళం వేసుకుని ఇంటికి వెళ్లాడు. ఆది, సోమవారాలు షెడ్డుకు సెలవు. రేకుల కింద ఎండ తన పని తాను చేసింది. తిరిగి వచ్చి జాడీని బేసిన్‌లో ఒంపాడు.

"తీసిన అసలు ద్రవం ఎవరికి ఇచ్చారు?" అని అడిగాను.

హరీష్ బల్ల అంచు పట్టుకున్నాడు. "బయటి కంపెనీ మనిషి సార్. శాంపిల్ తెస్తే అక్కడ పెద్ద ఉద్యోగమన్నాడు. రెండు లీటర్లు అడిగినాడు. క్యాను తక్కువైతే తెలిసిపోతుందని..." మునిరత్నమ్మ వైపు చూశాడు. "నీళ్లే కదా సార్ కలిపింది. ఇన్నేండ్లు పాలలో ఎంతమంది కలిపినారు. ఎవురన్నా సచ్చినారా?"

కెంపమ్మ తల ఎత్తి అతనిని చూసింది. అతను ఆ చూపు నుంచి తప్పుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

శివకుమార్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పద." తరువాత, నావైపు చూడకుండా, "మేడమ్ గారు ఇంటికి పోవచ్చు" అన్నాడు.

"ఒక్క ప్రశ్న," అన్నాను. "ఆ ప్యాకు ఇప్పుడెక్కడ ఉంది?"

"వంకలో పడిండేది. స్వాధీనం చేసుకున్యాం. జీపులో ఉండాది. సాక్ష్యం కదా, మునికుమార్‌ను కదలొద్దని చెప్పి కాపలా పెట్టినా."

వసుధ అప్పటికే పరుగెత్తుతోంది.

జీపు కిటికీలు మూసి ఉన్నాయి. మునికుమార్ డ్రైవరు సీటు వదిలి వెనుక సీటులోకి చేరి, గోనెసంచిలో చుట్టిన పెట్టెను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, అది దొర్లకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. సంచి అడుగున తడి. ఇరవై అయిదేళ్లయినా నిండని కుర్రవాడు.

"ఏం ల్యా మేడమ్," అన్నాడు, తలుపు తెరిచిన వసుధను చూసి మొహమాటంగా. "సెమట పట్టి వేళ్లు తిమ్మిరెక్కినట్టుండాయి. అంతే."

"దిగు. ఏదీ ముట్టుకోకు. సార్, నా సంచీ!"

"ఏ సంచీ?" అన్నాడు శివకుమార్.

"నిన్న నా దగ్గర గుంజుకున్నారే, అది. 'పళ్లు తోమే పేస్టు వంటి ట్యూబు ఒకటి' అని రాసుకున్నారు. అది పళ్ల పేస్టు కాదు."

ముందు సీటు కింద ఉంది. మునిరత్నమ్మ బిందెతో నీళ్లు తెచ్చింది. వసుధ అతని చేతులను ధారగా కడిగి, ట్యూబు మొత్తం పిండి వేళ్ల సందుల్లో రుద్దసాగింది. అతని వేళ్ల కొనలు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. నిమిషాలు గడిచేకొద్దీ అతను పళ్లు బిగించాడు, తరువాత ఏడ్చాడు. ఆమె రుద్దడం ఆపలేదు.

"ఆసుపత్రికి ఫోన్ చేసి కాల్షియం ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టమనండి," అంది, తల ఎత్తకుండా. "ఈ యాసిడ్ చర్మం దగ్గర ఆగదు. లోపలికి దిగి రక్తంలోని కాల్షియాన్ని లాగేస్తుంది. కాల్షియం పడిపోతే గుండె ఆగుతుంది. ఈ మందులో ఉన్నదీ కాల్షియమే; అది యాసిడ్‌కు అడ్డం పడుతుంది."

మేము ఎవరమూ కెంపమ్మను గమనించలేదు. ఆమె జీపు పక్కకు వచ్చి, ఆ చేతులనే చూస్తోంది.

"ఇట్లనే ఉండె," అంది. "అమ్మా, ఆయప్పకు ఈ మందు పూసింటే?"

వసుధ చేతులు ఒక క్షణం నిలిచాయి. "బతికేవాడేమోనమ్మా," అంది. అబద్ధం చెప్పలేదు. ఆ పెట్టెతోపాటు ఆ ట్యూబును రామకుప్పానికి పంపాలని ఎవరికీ తోచలేదన్న సంగతి కూడా ఆమె దాచుకోలేదు. "నేను పంపవలసింది. పంపలేదు."

కెంపమ్మ తల ఊపింది. అంతే.

నేను ఆమెను చివరి ప్రశ్న అడిగాను. "ఏనుగు తొక్కిన చోట నేల మీద రక్తం ఉందా తల్లీ?"

"ల్యా సామీ. నాకూ అదే అర్థం కాల్యా. ఎముకలు నుజ్జయిండాయి. కట్టుకున్య పంచకు గూడా నెత్తురు ల్యా."

శివకుమార్ నా వైపు చూశాడు. చనిపోయిన శరీరం నుంచి నెత్తురు ధారకట్టదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఏనుగులు చేలోకి వచ్చేసరికి మారప్ప గట్టు మీద కూర్చున్న భంగిమలోనే చనిపోయి ఉన్నాడు. అవి దారిలో ఉన్న శవాన్ని తొక్కుకుంటూ పోయాయి.

"పంచనామా తిరగరాయాల," అన్నాడు ఆయన. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీరు చెప్పండి సార్. నేను రాస్తా."

నేను చెప్పినది, ఆయన రాసినది, ఇది:

రామకుప్పం మండల నివాసి, రైతు మారప్ప, గురువారం పొద్దుగూకే వేళ తన మంచె కింద బ్యాటరీ పగిలి విషం కారుతుండగా చూసి, పైన ఉన్న భార్యను, మనవరాలిని కిందికి దిగవద్దని ఆజ్ఞాపించి, ఏనుగులు వచ్చే వేళ అని తెలిసీ కంచె తీగలను విడదీసి, ఆ పెట్టెను ఉత్త తువ్వాలలో చుట్టి చేతులతో మోసి వంకలో పడవేశాడు. ఆ విషం వల్లనే మరణించాడు. తుది శ్వాస వరకు వారిని కిందికి పిలవలేదు. ఇద్దరు ప్రాణాలతో ఉండడానికి ఇతని చర్య ఒక్కటే కారణమని ఇందుమూలంగా నమోదు చేయడమైనది.

సాక్షుల స్థానంలో ముందుగా శివకుమార్ సంతకం పెట్టాడు. ఆ కింద కెంపమ్మ వేలిముద్ర వేసింది.